పెలె జట్టుపై హబీబ్ గోల్

మైదానం చరిత్ర – 9వ భాగం

1977 సెప్టెంబర్ 24. కలకత్తాలోని ఈడెన్ గార్డెన్స్. వానలకు నేల నానిపోయి, ఎక్కడ అడుగేసినా జారుతోంది. ఆట జరుగుతుందా, ఆగుతుందా అన్న అనుమానం చివరిదాకా వీడలేదు. అయినా గ్యాలరీల్లో 80 వేల మంది దాకా కూర్చున్నారు. వాళ్లంతా ఒకే మనిషిని చూడాలని వచ్చారు. మూడుసార్లు ప్రపంచకప్ గెలిచిన బ్రెజిల్ వీరుడు పెలె, అమెరికా క్లబ్బు న్యూయార్క్ కాస్మోస్ తరఫున ఆ రోజు మోహన్ బగాన్‌తో ఆడాడు.

మోహన్ బగాన్ జట్టులో మన హైదరాబాద్ అన్నదమ్ములు ఇద్దరున్నారు. అన్న మహమ్మద్ హబీబ్, తమ్ముడు మహమ్మద్ అక్బర్. పెలెను చూడ్డానికి వచ్చిన ఆ జనం ముందు హబీబ్ గోల్ కొట్టాడు. ఆట 2–2తో ముగిసింది.

గత వారం సికింద్రాబాద్ కంటోన్మెంట్‌లో గోరా పల్టన్ల ఆట దగ్గర ఆగాం. ఈ వారం కథ దూర దేశాల నుంచి వచ్చే అతిథి జట్లది. పేరున్న జట్టు వస్తే జనం ఎగబడతారు. అది అమెరికాలోనూ అంతే, హైదరాబాద్‌లోనూ అంతే, మన సూర్యాపేటలోనూ అంతే. ఆ జనం ఇళ్లకు వెళ్లిపోయాక ఆ ఊళ్లో ఏం మిగులుతుందన్నదే తేల్చుకోవాల్సిన సంగతి.

పడవలెక్కి వచ్చిన జట్లు

అమెరికాకు ఫుట్‌బాల్ జట్ల యాత్రలు నూరేళ్ల పైచిలుకు నాటివి. 1905లో పిల్‌గ్రిమ్స్ పేరుతో ఇంగ్లండ్ నుంచి ఔత్సాహిక ఆటగాళ్ల జట్టు వెళ్లింది. 1922లో డిక్ కెర్ ఫ్యాక్టరీ మహిళల జట్టు అట్లాంటిక్ దాటింది. అప్పటికే ఇంగ్లండ్ ఫుట్‌బాల్ సంఘం తమ క్లబ్బుల మైదానాల్లో ఆడవాళ్లు ఆడొద్దని నిషేధం పెట్టింది. కెనడా కూడా వాళ్లను ఆడనివ్వలేదు. అమెరికాలో మాత్రం ఆడారు. అదీ మగవాళ్ల జట్లతో, వాళ్లకు దీటుగా!

1926 మే 1న న్యూయార్క్ పోలో గ్రౌండ్స్‌లో జరిగిన ఆట ఇంకా పెద్ద కథ. వియన్నా నుంచి హకోవా అనే యూదుల క్లబ్బు వచ్చింది. అంతకు ముందు ఏడాదే ఆస్ట్రియా లీగ్ గెలిచిన జట్టు అది. ఆ ఆటకు వచ్చిన జనం 46 వేలు. న్యూయార్క్‌లో స్థిరపడిన యూదు కుటుంబాలకు తమ పేరు మోస్తున్న జట్టును చూడటం పండుగైంది. యూరప్‌లో యూదులపై ద్వేషం ముదురుతున్న రోజులవి. యాత్ర అయ్యాక కొందరు ఆటగాళ్లు వియన్నాకు తిరిగి వెళ్లకుండా అమెరికా క్లబ్బుల్లోనే చేరిపోయారు. వాళ్లలో ఒకడు బేలా గుట్‌మన్. తర్వాతి కాలంలో పోర్చుగల్ క్లబ్బు బెన్ఫికాకు కోచ్‌గా ఉండి 1961, 1962లో వరుసగా రెండు యూరోపియన్ కప్పులు గెలిపించినవాడు అతనే. 1938లో ఆస్ట్రియా హిట్లర్ చేతిలోకి వెళ్లగానే నాజీలు హకోవాను మూసేశారు.

1946లో లివర్‌పూల్ జట్టు ఓడెక్కింది తిండి కోసం. యుద్ధం ముగిసినా ఇంగ్లండ్‌లో రేషన్ కరువు తీరలేదు. ఆటగాళ్లకు మాంసం, పాలు, గుడ్లు కడుపునిండా దొరకాలంటే అమెరికా వెళ్లాల్సిందేనని మేనేజర్ జార్జ్ కే నమ్మాడు. ఆటగాళ్లు ఒళ్లు చేసుకుని తిరిగొచ్చారు. 1946–47 సీజన్‌లో ఇంగ్లండ్ లీగ్ టైటిల్ వాళ్లదే అయింది. యాత్రల వల్ల ఆతిథ్యమిచ్చిన ఊరికంటే అతిథికే ఎక్కువ లాభం కలగడం చరిత్రలో చాలాసార్లు జరిగింది.

1967లో అమెరికా వ్యాపారులు ఏకంగా జట్లనే అద్దెకు తెచ్చుకున్నారు. వేసవిలో సెలవు మీదున్న విదేశీ క్లబ్బులను పిలిపించి, తమ నగరాల పేర్లు పెట్టి, లీగ్ నడిపించారు. ఇంగ్లండ్ వోల్వ్స్ జట్టు లాస్ ఏంజెలెస్ వోల్వ్స్ అయింది. స్కాట్లండ్ అబర్డీన్ జట్టు వాషింగ్టన్ విప్స్ అయింది. స్టోక్ సిటీ క్లీవ్‌లాండ్ జట్టుగా, ఇటలీ కాల్యరీ షికాగో జట్టుగా, బ్రెజిల్ బంగూ హ్యూస్టన్ జట్టుగా ఆడాయి. జులై 14న ఫైనల్లో లాస్ ఏంజెలెస్ 6–5 గోల్స్‌తో వాషింగ్టన్‌ను ఓడించింది. రెండు అమెరికా నగరాలు తలపడ్డాయని కాగితం మీద ఉంది. ఆడింది మాత్రం ఒక ఇంగ్లండ్ క్లబ్బు, ఒక స్కాట్లండ్ క్లబ్బు.

సరిగ్గా ఆ ఫైనల్ జరిగిన మూడు వారాలకు, 1967 ఆగస్టు 4న, ప్రధాని ఇందిరా గాంధీ నాగార్జునసాగర్ కాలువలకు నీళ్లు వదిలారు. ఎడమ కాలువ రాకముందు కూడా కృష్ణలో ఏటా వరద వచ్చేది, పోయేది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్, కోదాడ చేలకు ఆ వరదతో ఒరిగిందేమీ లేదు. కాలువ తవ్వాకే వరి పండింది, మిర్యాలగూడలో రైస్ మిల్లులు లేచాయి. ఆటకు వచ్చే జనం కూడా వరద లాంటివాళ్లే. ఆ ఉత్సాహాన్ని పిల్లల కాళ్ల దాకా చేర్చే కాలువలు అమెరికాలో అప్పటికి తవ్వలేదు. తెచ్చిన జట్లు తిరిగి వెళ్లిపోయాయి, ఆ లీగ్ ఒక్క వేసవితోనే సరి.

కాస్మోస్ వెలుగులు

ఆ తర్వాత అమెరికా వాళ్లు జట్టును వదిలి ఆటగాణ్ని తెచ్చుకున్నారు. 1975 జూన్‌లో పెలె కాస్మోస్‌తో ఒప్పందం రాసుకున్నాడు. 1977కు వచ్చేసరికి ఆ క్లబ్బులో బ్రెజిల్ 1970 కెప్టెన్ కార్లోస్ అల్బెర్టో, జర్మనీ దిగ్గజం బెకెన్‌బావర్, ఇటలీ గోల్ వేటగాడు కినాలియా ఉన్నారు. ఆగస్టు 14న ఫోర్ట్ లాడర్‌డేల్ జట్టుతో ఆడిన ఆటకు 77,691 మంది వచ్చారు. అదే నెల 28న సియాటిల్ జట్టును 2–1తో ఓడించి కాస్మోస్ లీగ్ గెలిచింది.

గెలిచిన ఊపులో ఆ క్లబ్బు ఆసియా యాత్రకు బయల్దేరింది. జపాన్, చైనాల్లో ఆడి కలకత్తాలో దిగింది. ఇక్కడ లెక్క తిరగబడింది. డెబ్బై ఏళ్లుగా విదేశీ జట్లకు చప్పట్లు కొడుతూ వచ్చిన అమెరికా, ఇప్పుడు తన జట్టునే అతిథిగా పంపింది. ఆ అతిథి ముందు నిలబడ్డ స్థానిక జట్టులో మనవాళ్లున్నారు. వాళ్లు అక్కడిదాకా ఎలా వచ్చారో తెలియాలంటే హైదరాబాద్ వెళ్లాలి.

రహీం సాబ్ తవ్విన దారి

సయ్యద్ అబ్దుల్ రహీం బడి పంతులు. 1943లో హైదరాబాద్ ఫుట్‌బాల్ సంఘం కార్యదర్శి అయ్యారు. 1950లో హైదరాబాద్ సిటీ పోలీస్ జట్టుకు కోచ్ అయ్యారు. ఆ ఏడాది నుంచి 1954 దాకా వరుసగా ఐదేళ్లు బొంబాయి రోవర్స్ కప్ సిటీ పోలీస్‌దే. కలకత్తా పెద్ద క్లబ్బులు తామే దేశానికి ఫుట్‌బాల్ అనుకునే రోజుల్లో దక్కన్ నుంచి వచ్చిన కానిస్టేబుళ్ల జట్టు వాళ్ల మాట చెల్లనివ్వలేదు.

అదే 1950లో సూర్యాపేట, హుజూర్‌నగర్, మిర్యాలగూడ తాలూకాల్లో పరిస్థితి వేరు. రైతాంగ సాయుధ పోరాటం ఇంకా ముగియలేదు. విరమణ ప్రకటన వచ్చింది 1951 అక్టోబర్‌లో. ఊళ్లలో పోలీసు క్యాంపు మాట వింటేనే జనం హడలిపోయేవాళ్లు. అదే శాఖ జెర్సీ తొడుక్కున్న పదకొండు మంది బొంబాయిలో చప్పట్లు అందుకుంటున్నారు. ఒకే రాష్ట్రంలో, ఒకే ఏడాదిలో ఈ రెండూ జరిగాయి. హైదరాబాద్ ఆట చరిత్ర రాసేవాళ్లు మన జిల్లాల సంగతి మరిచిపోతారు, మన పోరాట చరిత్ర రాసేవాళ్లు ఆ మైదానాన్ని పట్టించుకోరు. రెండూ కలిపి చూస్తేనే ఆ కాలం పూర్తిగా కనిపిస్తుంది.

రహీం సాబ్ బలం ఆయన విద్యార్థి బుద్ధి. విదేశీ జట్లు ఎలా ఆడుతున్నాయో పట్టిపట్టి చూసి నేర్చుకునేవారు. 1952 హెల్సింకీ ఒలింపిక్స్‌లో భారత జట్టు యుగోస్లావియా చేతిలో 10–1 తేడాతో చిత్తయింది. మన ఆటగాళ్లలో చాలామంది వట్టి కాళ్లతో ఆడిన రోజు అది. ఆ దెబ్బతో బూట్లు తప్పనిసరి అయ్యాయి. నాలుగేళ్లకు మెల్‌బోర్న్‌లో రహీం శిక్షణలో మన జట్టు ఆతిథ్య ఆస్ట్రేలియాను 4–2తో ఓడించి, నాలుగో స్థానంలో నిలిచింది. బంతి కాలి దగ్గర ఎక్కువసేపు ఉంచుకోవద్దని, ఒక్క తాకుడుతో తోటివాడికి అందించాలని ఆయన నేర్పారు. సెంటర్ ఫార్వర్డ్‌ను వెనక్కి జరిపి ఆడించే హంగేరీ పద్ధతిని మన పిల్లలకు ఒంటబట్టించారు. 4–2–4 వరుసను మన దేశంలో తొలినాళ్లలోనే ఆడించిన కోచ్‌లలో ఆయన ఒకరు.

1962 సెప్టెంబర్ 4న జకార్తా ఆసియా క్రీడల ఫైనల్లో దక్షిణ కొరియాపై 2–1 విజయం, బంగారు పతకం. స్టేడియం నిండా మనకు వ్యతిరేకంగా అరిచే జనమే. అప్పటికే రహీం సాబ్‌ను క్యాన్సర్ తినేస్తోంది. 1963 జూన్‌లో కన్నుమూశారు. సికింద్రాబాద్ అమ్ముగూడ నుంచి వచ్చిన తులసీదాస్ బలరాం, హైదరాబాద్‌లో పుట్టిన గోల్‌కీపర్ పీటర్ తంగరాజ్ ఆ కాలం వాళ్లే.

ఆ ఆట మన వైపు ఎందుకు రాలేదని అడిగేవాళ్లకు జవాబు ఆ జట్టు పేరులోనే ఉంది. పోలీసు శాఖ ఆటగాడికి కొలువిచ్చింది. మిలటరీ, రైల్వే కూడా ఇచ్చాయి. నెల జీతం చేతికొస్తుంటేనే పేదింటి పిల్లవాడు పొద్దున్నే మైదానానికి పోగలడు. ఆ కొలువులు, ఆ మైదానాలు, నేర్పే కోచ్‌లు జంట నగరాల్లోనే ఉండిపోయాయి. నల్లగొండ జిల్లా పల్లెల్లో చెడుగుడుకు గీత గీస్తే చాలు, వాలీబాల్‌కు ఒక వల చాలు. మన పిల్లల బలం అటు పోయింది.

బురదలో ఆ సాయంత్రం

రహీం తర్వాతి తరం వాడు హబీబ్. 1949 జులై 17న పుట్టాడు. అన్నదమ్ముల్లో ఎక్కువమంది ఆటగాళ్లే. 1966లో ఈస్ట్ బెంగాల్‌కు ఆడటానికి కలకత్తా వెళ్లాడు. 1970 బ్యాంకాక్ ఆసియా క్రీడల్లో జపాన్‌ను ఓడించి కంచు పతకం తెచ్చిన జట్టులో ఉన్నాడు. ఆ జట్టు కెప్టెన్ సయ్యద్ నయీముద్దీన్ కూడా హైదరాబాదీనే. మనిషి పొట్టి, పరుగుకు అలుపు లేదు. ఎదుటివాడు ఎంతటివాడన్న లెక్క మైదానంలో ఉండేది కాదు. కలకత్తా జనం బడే మియా అని పిలుచుకున్నారు. తమ్ముడు అక్బర్ ఏమీ తక్కువ తినలేదు. 1976 జులైలో ఈస్ట్ బెంగాల్‌పై ఆట మొదలైన 17 సెకన్లకే గోల్ కొట్టాడు.

ఈడెన్‌లో కాస్మోస్ ముందు నిలిచిన మోహన్ బగాన్‌కు పి.కె. బెనర్జీ కోచ్. జకార్తా ఫైనల్లో రహీం జట్టు తరఫున గోల్ కొట్టినవాడే ఈ బెనర్జీ. అంటే ఆ రోజు మైదానంలో హబీబ్, అక్బర్ ఆడుతుంటే, బెంచీ మీద రహీం శిష్యుడు కూర్చున్నాడు. పెలెను అడ్డుకునే పని గౌతమ్ సర్కార్‌ది. గోల్ దగ్గర శివాజీ బెనర్జీ.

కార్లోస్ అల్బెర్టో మొదటి గోల్ కొట్టాడు. పెలె జట్టు గోల్స్ వాన కురిపిస్తుందని అనుకున్నవాళ్లు అనుకుంటుండగానే శ్యాం థాపా లెక్క సరిచేశాడు. ఆపైన హబీబ్ వంతు. బురదలో కాలు నిలవడమే కష్టమైన చోట, అల్బెర్టో లాంటి ప్రపంచ విజేత కాపలా కాస్తున్న గోల్‌లోకి బంతిని పంపాడు. మోహన్ బగాన్ 2, కాస్మోస్ 1. చివరికి పెనాల్టీ దొరికి కినాలియా దాన్ని గోల్ చేయడంతో కాస్మోస్ ఓటమి తప్పించుకుంది. ఆ పెనాల్టీ ఇవ్వాల్సింది కాదని కలకత్తాలో ఇప్పటికీ వాదిస్తారు.

పెలె అప్పటికి 36 ఏళ్లవాడు. సరిగ్గా వారానికి, అక్టోబర్ 1న, న్యూజెర్సీలో తన పాత క్లబ్బు శాంటోస్‌తో చివరి ఆట ఆడాడు. 75 వేల మంది ముందు ఒక సగం కాస్మోస్ చొక్కాలో, మరో సగం శాంటోస్ చొక్కాలో ఆడి ఆటకు సెలవు చెప్పాడు.

ఇటు మోహన్ బగాన్ సంగతి చూడండి. ఆ సీజన్ లీగ్‌లో ఈస్ట్ బెంగాల్ చేతిలో ఓడి తలవంచుకున్న జట్టు అది. కాస్మోస్‌తో సమానంగా ఆడామన్న ధైర్యం వచ్చాక, కొద్ది రోజులకే అదే ఈస్ట్ బెంగాల్‌ను ఓడించి ఐఎఫ్ఏ షీల్డ్ గెలిచింది. ఆ సీజన్‌లోనే రోవర్స్, డ్యూరాండ్ కప్పులూ ఎత్తుకుపోయింది. అతిథి జట్టు వచ్చి వెళ్లాక ఆతిథ్యమిచ్చిన వాళ్లకు మిగలాల్సింది అదే. అది మిగలడానికి కారణం, అతిథితో తలపడే స్థాయి జట్టు వాళ్లకు ముందే ఉండటం.

అమెరికా నేర్చిన పాఠం

పెలె వెళ్లిపోయాక కాస్మోస్ వెలుగు తగ్గుతూ వచ్చింది. 1984 సీజన్‌తో ఆ లీగే మూతపడింది. పేరున్న వాళ్లను తేవడం మీద పెట్టిన డబ్బు కింది నుంచి ఆటగాళ్లను తయారుచేయడం మీద పెట్టలేదు.

రెండోసారి తెలివిగా చేశారు. 1994 ప్రపంచకప్‌కు ఆతిథ్యమిచ్చారు. 35 లక్షలకు పైగా జనం వచ్చారు. ఆ ఆతిథ్యం దక్కడానికి కొత్త వృత్తి లీగ్ మొదలుపెట్టాలన్న షరతుకు ఒప్పుకుని 1996లో మేజర్ లీగ్ సాకర్‌ను తెచ్చారు. తర్వాత ఫుట్‌బాల్‌కే ప్రత్యేకంగా స్టేడియాలు కట్టారు, క్లబ్బులకు అకాడమీలు పెట్టారు. ఆ పునాది మీదే ఇవాళ విదేశీ క్లబ్బుల యాత్రలు సాగుతున్నాయి. 2014 ఆగస్టు 2న మిషిగన్ స్టేడియంలో మాంచెస్టర్ యునైటెడ్, రియల్ మాడ్రిడ్ ఆటకు 1,09,318 మంది వచ్చారు. అమెరికా గడ్డ మీద ఒక ఫుట్‌బాల్ ఆటకు అంతమంది అంతకు ముందెప్పుడూ రాలేదు. 2023 జులై 29న డాలస్ పక్కనున్న ఆర్లింగ్టన్‌లో బార్సిలోనా 3–0తో రియల్ మాడ్రిడ్‌ను ఓడించిన ఆటకు 82 వేల మంది హాజరయ్యారు.

డాలస్ అంటే మనకు పరాయి ఊరేం కాదు. కోదాడ నుంచో, సూర్యాపేట నుంచో, మిర్యాలగూడ నుంచో వెళ్లిన సాఫ్ట్‌వేర్ కుటుంబాలు ఫ్రిస్కో, ప్లేనో, అర్వింగ్‌లలో ఉన్నాయి. ఫ్రిస్కోలో ఎఫ్‌సీ డాలస్ స్టేడియం పక్కనే పిల్లల శిక్షణకు పదికి పైగా మైదానాలున్నాయి. శనివారం పొద్దున కారులో పిల్లల్ని దింపి, మడత కుర్చీ వేసుకుని గట్టున కూర్చునే తల్లిదండ్రుల్లో తెలుగు వాళ్లూ కనిపిస్తారు. ఇక్కడ తాత ఊళ్లో బంతి తన్నడానికి చోటు లేదు, అక్కడ మనవడికి బూట్లు, కోచ్, పచ్చిక మైదానం అన్నీ ఉన్నాయి. ఆ పిల్లవాడిలో ఉన్న ప్రత్యేకత ఇక్కడి పిల్లలకు లేదని అనుకోవడానికి వీల్లేదు. తేడా ఏర్పాట్లలో ఉంది.

మన దగ్గర జనం, మన దగ్గర లోటు

బయటి జట్లు వస్తే సూర్యాపేట ఎలా కదులుతుందో 2021 మార్చిలో చూశాం. 47వ జాతీయ జూనియర్ కబడ్డీ పోటీలు మన ఊళ్లో పెట్టారు. దేశం నలుమూలల నుంచి జట్లు వచ్చాయి. చుట్టుపక్కల మండలాల జనం పొద్దు గుంకక ముందే చేరుకున్నారు. 22వ తేదీన, ప్రారంభమవుతున్న వేళ, తాత్కాలికంగా కట్టిన గ్యాలరీ ఒకటి జనంతో సహా కూలింది. వంద మందికి పైగా గాయపడ్డారు. ఆటంటే ఎంత ప్రేమ ఉందో, ఆ ప్రేమకు తగ్గ చోటు ఎంత కరువో ఆ ఒక్క సాయంత్రం చూపించింది. వేల మంది బరువు మోసే పక్కా గ్యాలరీ ఆటల మీద ప్రేమున్న ప్రతి జిల్లా కేంద్రానికీ కనీస అవసరం.

ఇక హైదరాబాద్ సంగతి. 2019లో మొదలైన హైదరాబాద్ ఎఫ్‌సీ 2022 మార్చి 20న గోవాలో కేరళ బ్లాస్టర్స్‌ను పెనాల్టీల్లో ఓడించి ఇండియన్ సూపర్ లీగ్ గెలిచింది. రహీం సాబ్ ఊరికి మళ్లీ దేశవిజేత జట్టు దొరికిందని సంబరపడ్డాం. మూడేళ్లు తిరగ్గానే, 2025 అక్టోబర్‌లో, ఆ క్లబ్బు పేరు మార్చుకుని ఢిల్లీకి తరలిపోయింది. రెండు నెలలకు, డిసెంబర్ 13న, లియోనెల్ మెస్సీ హైదరాబాద్ వచ్చాడు. అమెరికా క్లబ్బు ఇంటర్ మయామికి ఆడుతున్న మెస్సీ, తోటి ఆటగాళ్లు సువారెజ్, డి పాల్‌తో కలిసి ఉప్పల్ స్టేడియంలో అడుగుపెట్టాడు. ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి కూడా బంతి తన్నారు. ఆ పొద్దున కలకత్తా సాల్ట్ లేక్ స్టేడియంలో మెస్సీ సరిగ్గా కనిపించలేదని జనం కుర్చీలు విరగ్గొట్టారు. ఉప్పల్‌లో కార్యక్రమం సజావుగా ముగిసింది. మన వాళ్లు మర్యాదగా నడుచుకున్నందుకు, ఏర్పాట్లు నిలబడ్డందుకు గర్వపడాలి.

కానీ 1977తో పోల్చి చూడండి. పెలె వచ్చినప్పుడు ఎదురు నిలిచి ఆడే జట్టు ఒకటి ఉంది, అందులో గోల్ కొట్టే హైదరాబాదీ ఉన్నాడు. మెస్సీ వచ్చేనాటికి మన రాజధానికి దేశంలోని పెద్ద లీగ్‌లో ఆడే సొంత జట్టే లేకుండా పోయింది. జనం తగ్గలేదు. టికెట్లు కొనే స్తోమత పెరిగింది కూడా. సూర్యాపేట నుంచి ఉప్పల్ సుమారు 130 కిలోమీటర్లే, నాలుగు లైన్ల రోడ్డు. చూడ్డానికి వెళ్లడం ఎన్నడూ లేనంత తేలికైంది. ఆడటానికి దారి మాత్రం మూసుకుపోతోంది.

దారి తెరిస్తే ఏమవుతుందో నిజామాబాద్ జిల్లా తండా నుంచి వచ్చిన సౌమ్య గుగులోత్ చూపించింది. 2022లో క్రొయేషియా క్లబ్బు డైనమో జాగ్రెబ్ ఆమెను తీసుకుంది. భారత జట్టుకు ఆడుతోంది. దామరచర్ల మండలంలోనూ మనకు తండాలున్నాయి. గట్టి కాళ్లు, గట్టి ఊపిరి ఉన్న ఆడపిల్లలు ఆ బడుల్లో ఉన్నారు. వాళ్ల బడికి ఒక బంతి, ఒక పీఈటీ, సాయంత్రం రెండు గంటలు ఆడుకునే నేల కావాలి. పదిహేనేళ్లు దాటాక ఆట మానకుండా ఉండటానికి, పోలీసు శాఖ ఒకనాడు హైదరాబాద్‌లో చూపినట్టు, ఆట మీద కొలువు దొరుకుతుందన్న భరోసా కావాలి.

హబీబ్ 2023 ఆగస్టు 15న హైదరాబాద్‌లో కన్నుమూశాడు. పెలె జట్టుపై గోల్ కొట్టినవాడి పేరు మన జిల్లాల్లో ఒక మైదానానికైనా పెట్టుకోవాలి. పేరు పెట్టడంతో ఆగకుండా ఆ మైదానాన్ని పిల్లలతో నింపాలి. ఆ తర్వాత ఎంత గొప్ప అతిథి వచ్చినా మన వైపు నుంచి ఎదురు వెళ్లేవాళ్లు ఉంటారు.

(వచ్చే వారం: చెడుగుడు నుంచి కబడ్డీ దాకా – నల్లగొండ పల్లెల గీత లోపలి చరిత్ర)